పది మెట్ల నిచ్చెన

ప్రశ్న ఒకటే. పైనుంచి అచ్చయి వచ్చింది:
"ఒక నిచ్చెన అనుకోండి. అడుగున సున్నా, కొసన పది.
మీ బతుకు ఇప్పుడు ఏ మెట్టు మీదుంది?"
ట్యాబులో బొమ్మ కూడా ఉంది,
దేనికీ ఆనించకుండా
గాల్లో నిలబడ్డ నిచ్చెన.

జువ్వలదిన్నె రేవులో పామంజి గోవిందు
వల కంతలు కుట్టుకుంటూ నవ్వాడు.
"ఏ పూట సంగతమ్మా నువ్వడిగేది?
తెల్లారుజామున రెండు.
వంజరం పడిందా, తొమ్మిది.
పడవ ఒడ్డెక్కినాక ఇంక లెక్కెందుకు?"
సగటు తీసి అయిదు వేశాను.
సముద్రానికి సగటు తీసిన మొదటి మనిషిని
నేనే అయ్యుంటాను.

కావలి ట్రంకురోడ్డులో
మూడంతస్తుల బట్టలకొట్టు సుబ్బరాయశెట్టి
గుమస్తాని టీకి పంపించి, గొంతు తగ్గించి,
"నాలుగు వేసుకోమ్మా" అన్నాడు.
గుమ్మానికి కట్టిన బూడిదగుమ్మడి
మా ఇద్దరి మాటా వింటోంది.

ఉదయగిరిలో గౌసియాబీ
నర్ది చెక్కని గరిటె చేస్తోంది.
తలెత్తకుండానే పది అంది.
అద్దె బాకీ, వాచిన మోకాళ్ళు,
మందుల చీటీ మీద పేరుకున్న చెక్కపొట్టు
నాకు కనబడుతూనే ఉన్నాయి.
ఇంకోసారి ఆలోచించుకో పిన్నీ అన్నాను.
ఉలి ఆపింది.
"ఇచ్చినోడికి మార్కులు తగ్గించేదానికి
నేనెవురు?"

చీమకుర్తి క్వారీలో సనాతన్,
ఒరిస్సా కుర్రాడు.
నాకు ఒరియా రాదు, వాడికి తెలుగు సగం వచ్చు.
నల్లరాయి గుంట అంచున నిలబడి
కిందికి చూపించాడు.
అక్కడ నిజంగానే నిచ్చెనలున్నాయి, ఇనపవి.
దిగేకొద్దీ కూలి ఎక్కువ.
సున్నా పైనుందా, కిందుందా
ఇద్దరం చాలాసేపు తేల్చుకోలేకపోయాం.

రాత్రి ఒంగోలు లాడ్జీకి ఫోను.
"మీ జిల్లా అంకెలు కుదరట్లేదమ్మా.
ఉన్నవాళ్ళు తక్కువ చెబుతున్నారు,
లేనివాళ్ళు ఎక్కువ చెబుతున్నారు.
అసలు సరిగ్గా అడుగుతున్నారా?"
ఎక్కడో మంచుదేశంలో ఇదే ప్రశ్నకి
తడుముకోకుండా ఏడో ఎనిమిదో చెప్పేస్తారట.
చెబుతారు కాబోలు.
అక్కడి మనిషికి తన మెట్టు తనకి విడిగా కనబడుతుందేమో.
ఇక్కడ "ఎట్టుండావు?" అని ఒక్కరినే అడుగుతాను,
"ఉండాం" అంటారు.
ఆ 'ఆం'లో ఎంతమందో,
బర్రెగొడ్డుతో సహా,
దానికి నా దగ్గర గడి లేదు.

చివరి ఫారం పొదలకూరు అవతల నిమ్మతోటలో.
మానికల చెంగమ్మ.
ఈసారి నిచ్చెన వెదురుది, పాతది,
చెట్టుకి ఆనించి ఉంది.
ఆయన పైన ఆకుల్లో, పాదాలు మాత్రం కనబడుతున్నాయి.
ఆమె కింద, రెండు చేతులా పట్టుకుని.
ముక్కు మీద ఈగ వాలినా చెయ్యి తియ్యలేదు,
ఉఫ్ అని ఊదింది.

ప్రశ్న రెండుసార్లు చదివించుకుంది.
బొమ్మ చూపించమంది. చూసి
"ఎవురూ పట్టుకోలేదే దీన్ని!" అంది.
అది ఊరికే బొమ్మమ్మా అన్నాను.
కాసేపు పలకలేదు.
కాయలు రాలుతున్నాయి గోనెపట్టా మీద,
ఒకటొకటి, ఆగి ఆగి.

"నేను ఎక్కే మనిషిని గాదు పాపా,
పట్టుకునే మనిషిని.
నాకు ఏ మెట్టు రాస్తావు?"

అంకె వెయ్యకపోతే ట్యాబు ముందుకి పోదు.
ఎండకి తెర నల్లబడి
అందులో నా మొహమే కనబడుతోంది.
సంచిలో పడేశాను.
"ముల్లు చూసుకో" అంటూ ఆమె కాస్త పక్కకి జరిగింది.
నిచ్చెన రెండో కాలు నేను పట్టుకున్నాను.

పైనుంచి ఆయన గొంతు:
"ఏందే, ఇయ్యాళ కదలడం లేదే ఇది!"